కాగ్నా తీరంలో తత్త్వం: పండితేతరులకు చేరిన దారులు, దారిలో తప్పిపోయిన పూర్వపక్షం

వ్యాససంగ్రహం:

అనంతగిరి కొండల్లో పుట్టి తాండూరు మీదుగా మళ్ఖేడ్ వైపు సాగే కాగ్నా నది పరిసరాల్లోను, దానికి పొరుగున ఉన్న కల్యాణ, గుల్బర్గా, రాయచూరు సీమల్లోను దర్శన విషయాలు పండితేతరులకు ఏయే రూపాల్లో చేరాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భాషను తేలిక చేయడం ఈ ప్రక్రియలో ఒక భాగం మాత్రమేనని, ప్రత్యర్థి వాదాన్ని ఏం చేశారన్నది అంతకంటె ముఖ్యమైన కొలమానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాగ్నా, తాండూరు, మళ్ఖేడ్, టీక, ద్విపద, పూర్వపక్షం, సంవాదం, తత్త్వాలు.

1. ఉపోద్ఘాతం:

వికారాబాద్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న అనంతగిరి కొండల్లో రెండు నదులు పుడతాయి. మూసీ తూర్పుగా సాగి హైదరాబాదు దాటి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమరగా తాండూరు వైపు ప్రవహించి, కర్ణాటకలో కాగిణా అనే పేరుతో మళ్ఖేడ్ కోట పక్కనుంచి వెళ్ళి భీమానదిలో చేరుతుంది. ఆ భీమ కూడా చివరికి కృష్ణలోనే కలుస్తుంది. తెలుగు సాహిత్య చరిత్రకారులు మూసీ వెంట నడిచినంతగా కాగ్నా వెంట నడవలేదు. నది దిగువన కన్నడం వినిపించడమే ఇందుకు కారణం కావచ్చు.

ఈ భాషా సరిహద్దు పాలనా సరిహద్దుగా మారి ఎంతో కాలం కాలేదు. 1956 నవంబరు 1 వరకు తాండూరు, కొడంగల్ తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం తాండూరును హైదరాబాదు జిల్లాకు, కొడంగల్‌ను మహబూబ్‌నగర్ జిల్లాకు చేర్చింది. సేడం, చించోళి, చిత్తాపూర్ తాలూకాలు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళాయి. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా, 2016లో ఏర్పడిన వికారాబాద్ జిల్లా ఆ తరువాతి మార్పులు. 1874లో ప్రారంభమైన వాడి, సికింద్రాబాదు రైలుమార్గం మాత్రం నేటికీ చిత్తాపూర్, మళ్ఖేడ్ రోడ్, సేడం, తాండూరు, వికారాబాద్‌లను ఒకే వరుసలో కలుపుతున్నది. తాండూరు ప్రజల నిత్యవ్యవహారంలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఉన్నాయి. పట్టణంలో ప్రసిద్ధమైన భద్రేశ్వరస్వామి ఆలయం పేరులోని 'భావిగి' బీదర్ సీమలోని గ్రామనామం. పేరులోనే సరిహద్దు చెరిగిపోయిన ఇటువంటి చోట దర్శన గ్రంథాల చరిత్రను ఒక్క భాష హద్దుల్లో చూస్తే సగమే కనిపిస్తుంది.

'సామాన్యులు' అనే మాటను ఈ వ్యాసం పరిమితార్థంలో వాడుతుంది. సంస్కృత వ్యాకరణ, తర్క శాస్త్రాల్లో గురుముఖతః శిక్షణ లేనివారు అని దీని భావం. వారిలో రాజులూ ఉండవచ్చు, వర్తకులూ ఉండవచ్చు, ఇసుర్రాయి తిప్పే స్త్రీలూ ఉండవచ్చు. శాస్త్రగ్రంథం వీరిని చేరినప్పుడు దానిలో ఏం మారింది, ఏం మిగిలింది అన్నది ఇక్కడి ప్రశ్న.

2. మాన్యఖేటం: ప్రశ్న, జవాబు, లెక్క:

మళ్ఖేడ్ రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. 9వ శతాబ్దిలో అమోఘవర్షుడు అక్కడినుంచి దీర్ఘకాలం పాలించాడు. కన్నడంలో లభిస్తున్న తొలి లక్షణగ్రంథం 'కవిరాజమార్గం' ఆయన ఆస్థానంలోనిదే. ఈ వ్యాసానికి అంతకంటె ఎక్కువగా పనికివచ్చేది ఆయన పేరున ప్రచారంలో ఉన్న 'ప్రశ్నోత్తర రత్నమాలిక' అనే చిన్న సంస్కృత రచన. ఆర్యావృత్తంలో సాగే ఈ గ్రంథం పద్ధతి సులభం. ఒక ప్రశ్న, దానికి ఒకటి రెండు మాటల జవాబు, వెంటనే మరో ప్రశ్న. ఏది గ్రహించదగినది, ఏది విడువదగినది, ఎవడు గురువు, ఏది నరకం వంటి ప్రశ్నలకు ఇచ్చే జవాబులు పిల్లవాడు కూడా కంఠస్థం చేయగలిగినంత పొట్టివి.

దీని కర్తృత్వం విషయంలో సంప్రదాయాలు ఏకీభవించవు. దిగంబర జైనుల పాఠం వివేకంతో రాజ్యాన్ని త్యజించిన అమోఘవర్షుడు దీనిని రచించాడని చెబుతుంది. టిబెట్ అనువాదం కూడా ఆయననే కర్తగా పేర్కొంటుంది. అద్వైత సంప్రదాయం ఈ పేరుగల గ్రంథాన్ని శంకరాచార్యుల రచనల్లో చేర్చుకున్నది. శ్వేతాంబరులు విమలుని కృతి అంటారు. ఎవరు రాశారన్న వాదాన్ని పక్కన పెట్టినా ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పరస్పరం ఖండించుకునే మతాలు ఒకే పుస్తకాన్ని తమదిగా చెప్పుకోగలిగాయంటే, ఆ మతాల మధ్య తగవు తెచ్చే విషయం అందులో పెద్దగా లేదన్నమాట. ఆత్మ ఉన్నదా, జగత్తుకు కర్త ఉన్నాడా వంటి ప్రశ్నలు తీసివేస్తే వైరాగ్యం, దానం, సత్సంగం మిగులుతాయి. వాటి విషయంలో జైనుడికీ అద్వైతికీ పేచీ లేదు. సులభగ్రంథ రచనలో ఇది అతి పాత మార్గం, అతి సుఖమైన మార్గం కూడా. నేటికీ తత్త్వశాస్త్ర పరిచయం పేరుతో వెలువడే పుస్తకాల్లో చాలా భాగం ఈ దారినే పోతున్నాయి.

అదే ఆస్థానానికి చెందిన మరో గ్రంథం తెలుగులోకి వచ్చిన తీరు దీనికి భిన్నం. మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహం' దర్శనగ్రంథం కాకపోయినా, శాస్త్రం సామాన్యులకు చేరడంలో మంచి నిదర్శనం. 11వ శతాబ్దికి చెందినవాడని ఎక్కువమంది భావించే పావులూరి మల్లన దీనిని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలో జైన సంబంధమైన ఉదాహరణలున్న చోట శైవ సంబంధమైనవి పెట్టాడు. లెక్క మారలేదు, లెక్కలో పూజలందుకొనే దేవుడు మారాడు. గణితంలో ఇటువంటి మార్పిడి వల్ల నష్టం లేదు, ఉదాహరణ ఏదైనా జవాబు ఒకటే. దర్శనంలో మాత్రం ఉదాహరణ తరచు వాదంలో అవయవమే. కుండ, తాడు, పాము వంటి దృష్టాంతాలను తీసి వేరొకటి పెడితే సిద్ధాంతం కొంత జరుగుతుంది. మల్లన చేసినంత ధీమాగా దర్శనాల అనువాదకులు చేయలేకపోవడానికి కారణం ఇదే.

3. టీకాచార్యుని పని:

మాన్యఖేట వైభవం ముగిసిన నాలుగు శతాబ్దాల తరువాత ఇదే మళ్ఖేడ్ మరొక దర్శనంతో ముడిపడింది. మధ్వాచార్యుల ద్వైత సిద్ధాంతానికి వ్యాఖ్యాతగా 'టీకాచార్యులు' అనే పేరు పొందిన జయతీర్థులు 14వ శతాబ్ది ఉత్తరార్ధానికి చెందినవారు. వారి బృందావనం కాగిణా ఒడ్డున మళ్ఖేడ్‌లో ఉన్నదని ఉత్తరాది మఠ సంప్రదాయం చెబుతుంది. ఈ విషయంలో ఇతర మఠాలకు భేదాభిప్రాయం ఉంది. మధ్వుల వాక్యం మిక్కిలి సంక్షిప్తం. బ్రహ్మసూత్రాల మీద వారు రచించిన 'అనువ్యాఖ్యానం' పద్యరూపంలో ఉన్నందువల్ల మరింత బిగుసుకుపోయింది. దానికి జయతీర్థులు రాసిన 'న్యాయసుధ' ఆ ముడులను విప్పుతుంది.

న్యాయసుధ సామాన్యుల గ్రంథం కాదు. పండితులకే అది కొరకరాని కొయ్య. అయినా సులభగ్రంథాల చరిత్రలో దాని ప్రస్తావన అవసరం. టీక చేసే పని ఏమిటంటే, మూలకర్త మనసులో ఉండి మాటల్లోకి రాని మెట్లను బయట పెట్టడం. ఈ మాట ఎందుకు వచ్చింది, ఎవరిని ఉద్దేశించి వచ్చింది, ఎదుటివాడు ఏమంటాడు, దానికి సమాధానం ఏమిటి అని వరుసగా చెప్పడం. ఈ వరుసలో ప్రత్యర్థికి గౌరవప్రదమైన స్థానం ఉంది. అతని వాదాన్ని అతడే ఒప్పుకొనేంత బలంగా నిలబెట్టిన తరువాతనే ఖండన మొదలవుతుంది. శాస్త్రపరిభాషలో దీనిని పూర్వపక్షం అంటారు. ఇదే కాలంలో విజయనగర పరిసరాల్లో వెలువడిన మాధవుని 'సర్వదర్శనసంగ్రహం' కూడా చార్వాకంతో మొదలుపెట్టి పదహారు దర్శనాలను వరుసగా చెబుతుంది. చార్వాకుల గురించి నేడు చెప్పుకొనే విషయాల్లో చాలా భాగం, వారిని ఖండించదలచిన ఇటువంటి గ్రంథాల్లోనే మిగిలింది. ప్రత్యర్థి నిజాయితీగా పూర్వపక్షం రాయకపోయి ఉంటే ఆ మాత్రం కూడా తెలిసేది కాదు.

కనుక కఠిన గ్రంథం జనంలోకి దిగేటప్పుడు, సమాసాలు విరిగాయా, దేశిపదాలు వచ్చాయా అని చూడడంతో పరిశీలన ముగియదు. పూర్వపక్షం దిగిందా లేదా అని కూడా చూడాలి.

4. ద్విపదలో వాదం:

తెలుగులో ఈ పరీక్షకు నిలువవలసిన మొదటి కవి పాల్కురికి సోమనాథుడు. గద్యపద్యాల ప్రౌఢిమ కంటె జానుతెనుగు అందరికీ సమానంగా అందుతుందని, అందువల్ల ద్విపదను ఎన్నుకొన్నానని ఆయన స్వయంగా చెప్పుకున్నాడు. ఆయన సంస్కృతం రానివాడై ఈ మాట అనలేదు. 'సోమనాథభాష్యం' సంస్కృతంలోనే రాశాడు. శైవసిద్ధాంత విషయాలను చిన్న తెలుగు కృతులైన 'అనుభవసారం', 'చతుర్వేదసారం'లలో పద్యాల్లో చెప్పాడు. ఒకే విషయాన్ని ఎవరికి ఏ రూపంలో చెప్పాలో ఎరిగిన రచయిత ఆయన.

'బసవపురాణం' కథలు 12వ శతాబ్ది కల్యాణ పట్టణం చుట్టూ తిరుగుతాయి. నేటి బసవకల్యాణ్ బీదర్ జిల్లాలో ఉంది. ఓరుగల్లు సీమ కవి కన్నడ దేశపు భక్తుల కథలను తెలుగు ద్విపదలో చెప్పగా, 1369లో భీమకవి ఆ తెలుగు కావ్యాన్ని కన్నడ భామినీ షట్పదిలోకి మార్చాడు. కథ కన్నడ దేశం నుంచి తెలుగుకు వచ్చి, తెలుగు నుంచి తిరిగి కన్నడానికి వెళ్ళింది. తాండూరు వంటి ద్విభాషా సీమల మీదుగా సాగిన రాకపోకలు ఇవి.

అయితే బసవపురాణంలో వాదం ఎలా జరుగుతుంది? ఏకాంత రామయ్య కథ దీనికి తగిన ఉదాహరణ. జైనులతో తగవు వచ్చినప్పుడు రామయ్య తర్కం చేయడు. తన శిరస్సును తానే ఖండించుకొని శివానుగ్రహంతో తిరిగి పొందుతాడు. జైనులు ఓడిపోతారు. ఈ కథ కవి కల్పన మాత్రమే కాదు. నేటి హావేరి జిల్లాలోని అబ్లూరు శాసనం కూడా సుమారు 1200 నాటికే ఈ వృత్తాంతాన్ని నమోదు చేసింది. వినే జనానికి ఈ కథ కలిగించే ఉద్వేగం సామాన్యం కాదు. కాని జైనుడు అన్నదేమిటి? అహింస, కర్మ, జీవుల నానాత్వం గురించి అతని పక్షం ఏమిటి? కథ విన్న శ్రోతకు ఇది తెలియదు. మాన్యఖేటంలో రాజాశ్రయం పొంది గొప్ప గ్రంథాలు రాసిన ఒక సంప్రదాయం ఇక్కడ ఓడిపోవడానికి మాత్రమే ప్రవేశిస్తుంది.

ఇక్కడ ఆగి 'జనసాహిత్యం అంటే ఇంతే, వాదం పోయి మహిమ మిగులుతుంది' అని తేల్చడం తొందరపాటు అవుతుంది. సోమనాథుడే ఆ తీర్మానాన్ని అడ్డుకుంటాడు. 'పండితారాధ్య చరిత్ర'లోని అయిదు ప్రకరణాల్లో ఒకటి వాదప్రకరణం. చందవోలు రాజసభలో మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధాచార్యునితో చేసే వాదం అందులో ద్విపదలోనే సాగుతుంది. ప్రమాణాలు, దర్శన ఖండనలు ద్విపదలో ఇమడవన్న వాదానికి ఈ ప్రకరణం ఒక్కటే చాలిన జవాబు. ఛందస్సు అడ్డం కాలేదు, జానుతెనుగూ అడ్డం కాలేదు. మరి ఆ వాదం ముగిసింది ఎలా? పండితుని శిష్యుల చేతిలో బౌద్ధుడు హతుడవుతాడు, ఆగ్రహించిన రాజు పండితుని కన్నులు తీయిస్తాడు. మాటతో మొదలైన సభ కత్తితో ముగుస్తుంది. సోమనాథుడు పూర్వపక్షాన్ని జనభాషలోకి తేగలిగాడు, కాని దానిని జీవించనివ్వలేదు. తెలుగు ఎం.ఏ. తరగతుల్లో సోమనాథుని దేశికవితా దృష్టిని గురించి ఎంతో చెప్పుకుంటాం. వాదప్రకరణంలోని ఈ తర్కసామర్థ్యాన్ని గురించి, దాని ముగింపును గురించి కూడా అంత వివరంగా చెప్పుకోవలసి ఉంది.

5. ప్రత్యర్థి మిత్రుడైనప్పుడు:

కల్యాణపు శరణుల మాటలను మరొక విధంగా కూర్చిన గ్రంథం కన్నడంలో ఉంది. 15వ శతాబ్దిలో శివగణప్రసాది మహదేవయ్య సంకలనం చేసి, తరువాత మరి ముగ్గురు విస్తరించిన 'శూన్యసంపాదన' అది. విడివిడిగా ఉన్న వచనాలను ఏరి, వాటిని సంభాషణగా అమర్చడం ఈ గ్రంథంలోని ప్రత్యేకత. తెలుగు పాఠకులకు ఇది తగినంతగా పరిచితం కాదు గనుక కొంత వివరంగా చెప్పుకోవాలి.

ఇందులో అల్లమప్రభువు పని అడగడం. అన్న అజగణ్ణ మరణించగా దుఃఖిస్తున్న ముక్తాయక్కను ఆయన కలుస్తాడు. మాటకు అందని తత్త్వాన్ని ఎరిగినవాడు మౌనంలో ఉండాలి గదా అన్న విషయం మీద వారి సంవాదం సాగుతుంది. మౌనం గొప్పదైతే నీవెందుకు మాట్లాడుతున్నావన్న ప్రశ్న అల్లమునికే తగులుతుంది. చెరువులు, గుడులు కట్టించే సొన్నలిగె సిద్ధరామయ్య దగ్గరకు వెళ్ళి, రాళ్ళు మోయించే ఈ కర్మకూ జ్ఞానానికీ సంబంధమేమిటని నిలదీస్తాడు. సొన్నలిగె అంటే నేటి షోలాపూర్. అక్కమహాదేవి కల్యాణానికి వచ్చినప్పుడు, వస్త్రం విడిచినదానివి కేశాలతో దేహాన్ని కప్పుకోవడం ఎందుకని అడుగుతాడు. ఆమె దానికి దీటైన జవాబు చెబుతుంది.

ఈ సంభాషణల్లో అందరూ ఒకే మార్గంవారు. అయినా కర్మా జ్ఞానమా, మాటా మౌనమా, దేహాన్ని జయించడమంటే ఏమిటి అనే ప్రశ్నలు నిజమైన ప్రశ్నలుగానే ఉంటాయి. చివరికి అల్లముడే గెలుస్తాడని పాఠకుడికి ముందే తెలిసినా, ఎదుటివారి మాటకు బరువు తగ్గదు. ఇక్కడ ప్రత్యర్థిని చంపవలసిన పని లేదు, మరునాడు అతడూ అదే మండపంలో కూర్చుంటాడు. న్యాయసుధలో పండితులకు మాత్రమే అందుబాటులో ఉన్న పూర్వపక్ష ధర్మం చాకలి, మడివాలు, పడవ నడిపేవాడు వాడే మాటల్లోకి వచ్చిన అరుదైన సందర్భం ఇది. బయటి మతాలను సమానులుగా ఆ మండపంలో కూర్చోబెట్టలేదన్న పరిమితి దీనికీ ఉంది.

6. పాటగా మారిన తత్త్వం:

జయతీర్థుల ద్వైతం జనంలోకి దిగింది దాసకూటం పాటల్లో. 16వ శతాబ్ది పురందరదాసు, కనకదాసుల కీర్తనలు తెలిసినవే. సిద్ధాంత దృష్టితో చూస్తే రాయచూరు జిల్లా మాన్వికి చెందిన జగన్నాథదాసు (1728-1809) రచించిన 'హరికథామృతసారం' ఇంకా ముఖ్యమైనది. 32 సంధుల్లో, భామినీ షట్పదిలో, ద్వైత సిద్ధాంతమంతటినీ కన్నడంలో చెప్పిన గ్రంథమిది. ఆయన గురించి ఒక సంప్రదాయగాథ ఉంది. మొదట సంస్కృత పండితుడైన శ్రీనివాసాచార్యులుగా ఉన్నప్పుడు కన్నడంలో పాడే విజయదాసును చులకన చేసి తీవ్రమైన ఉదరవ్యాధికి గురయ్యాడట. గోపాలదాసు అనుగ్రహంతో కోలుకొని తానే దాసుడయ్యాడట. కడుపునొప్పి సంగతి ఎలా ఉన్నా, దేశభాషలో శాస్త్రం చెప్పేవారిని పండితులు ఏ దృష్టితో చూసేవారో ఈ గాథ చెబుతుంది. ఆ చూపు నేటికీ పూర్తిగా పోయిందని అనలేము. సులభంగా ఉండాలని రాసిన హరికథామృతసారానికి తరువాతి కాలంలో పండితులే వ్యాఖ్యలు రాయవలసి వచ్చింది. పాటగా నోటికి వచ్చినంత మాత్రాన అర్థం మనసుకు వచ్చినట్టు కాదు. పాడేవారి పక్కన వివరించేవారు ఉండాలన్నది ఈ వ్యాఖ్యల వల్ల స్పష్టమవుతుంది.

గుల్బర్గాలో ఖ్వాజా బందేనవాజ్ (మరణం 1422) సూఫీ శాస్త్రగ్రంథాలను బోధించి 'అవారిఫుల్ మఆరిఫ్'కు వ్యాఖ్యలు రాశారు. అది చదువుకున్నవారి వ్యవహారం. తరువాతి శతాబ్దాల్లో బీజాపూర్ సూఫీ పరంపరకు చెందినవారు దక్కనీలో 'చక్కీనామా', 'చర్ఖానామా' అనే పాటలు రచించారు. ఇసుర్రాయి తిప్పుతూ, రాట్నం వడుకుతూ స్త్రీలు పాడుకొనే పాటలివి. రిచర్డ్ ఈటన్ 1978లో ప్రచురించిన బీజాపూర్ సూఫీల చరిత్రలో వీటిని వివరంగా చర్చించాడు. ఇసుర్రాయి పిడిని అరబ్బీ మొదటి అక్షరమైన అలిఫ్‌తో, ఇరుసును ప్రవక్తతో పోల్చడం వంటివి వాటిలో కనిపిస్తాయి. వినేవారి చేతిలో అప్పటికే ఉన్న పనిముట్టే దృష్టాంతమయింది. కుండా మట్టీ అని వేదాంతి చెప్పే దృష్టాంతం కంటె ఇది దగ్గరిది. కుండ చేసేవాడు వేరు, వినేవాడు వేరు. ఇసుర్రాయి విషయంలో ఆ దూరం లేదు. ఈ పాటల్లో పూర్వపక్షానికి మాత్రం చోటు లేదు. పిండి విసరే వేళ వాదప్రతివాదాలకు అనువైనది కాదు గదా.

తెలుగు వైపు చూస్తే, 15వ శతాబ్దిలో మడికి సింగన 'వాసిష్ఠ రామాయణం' ద్వారా యోగవాసిష్ఠ విషయాలను తెలుగు చేశాడు. 18వ శతాబ్దిలో ఓరుగల్లు ప్రాంతపు పరశురామపంతుల లింగమూర్తి 'సీతారామాంజనేయ సంవాదం' రచించాడు. తారక, సాంఖ్య, అమనస్క యోగాలను మూడు ఆశ్వాసాల్లో చెప్పిన ఈ గ్రంథం విశ్వవిద్యాలయాల్లో కంటె భజన మందిరాల్లో, గురుశిష్య పరంపరల్లో ఎక్కువగా బతికింది. అడిగేవాడు ఆంజనేయుడు. అతడు వినయశీలి, సందేహం తీరగానే నమస్కరిస్తాడు. అల్లముని ఎదుట నిలిచిన ముక్తాయక్క వంటి ఎదురుప్రశ్న అతని నోట రాదు. సంవాదమన్న పేరున్నా ఇది ఉపదేశానికే దగ్గర.

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని రాకంచర్ల నరసింహస్వామిని కీర్తించిన రాకమచర్ల వేంకటదాసు 19వ శతాబ్ది వాగ్గేయకారుడు. ఆయన కీర్తనలను, వీరబ్రహ్మం పేర ప్రచారంలో ఉన్న తత్త్వాలను, అచల గురువుల తత్త్వాలను గ్రామీణ భజన బృందాలు ఒకే రాత్రి పక్కపక్కన పాడుతాయి. ఒకటి సగుణ భక్తి, మరొకటి సగుణాన్నీ నిర్గుణాన్నీ కూడా దాటాలనే అచలం. శాస్త్రదృష్టిలో ఇవి పొసగవు. భజనలో ఆ విరోధం ఎవరినీ బాధించదు. దీనిని ఉదారత అనవచ్చు, తర్కం పట్ల ఉదాసీనత అని కూడా అనవచ్చు. తెలుగులో 'తత్త్వం' అనే మాట దర్శనంలోని పరమార్థానికి, ఏకతార మీద పాడే పాటకు ఒకటే కావడం గమనించదగినది. ఒక శాస్త్రపదం ఇంతగా జనం సొంతమైన సందర్భాలు తక్కువ. అదే జనం పనికిరాని ఉపన్యాసాన్ని 'మెట్ట వేదాంతం' అని కూడా అన్నారు. ఏది వినాలో, ఏది వదలాలో తేల్చుకొనే విచక్షణ శ్రోతకు ఉన్నదనడానికి ఈ వెక్కిరింతే సాక్ష్యం.

7. 1956 తరువాతి పాఠకుడు:

నిజాం పాలనలో 1917లో హైదరాబాదులో ఏర్పడిన తర్జుమా సంస్థ పాశ్చాత్య తత్త్వశాస్త్రంతో సహా అనేక శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. మరుసటి ఏట స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనకు అవి పాఠ్యగ్రంథాలు. దేశభాషలో ఉన్నతవిద్య అన్న దృష్టితో అది పెద్ద ప్రయత్నం. తాండూరు తాలూకా రైతుకు ఆ ఉర్దూ కచేరీ భాషగా మాత్రమే తెలుసు.

1956 తరువాత ఈ సీమ సాహిత్యం విశ్వవిద్యాలయ శాఖల మధ్య పంచబడింది. సోమనాథుడు తెలుగు శాఖకు, శూన్యసంపాదన, హరికథామృతసారం కన్నడ శాఖకు, చక్కీనామాలు ఉర్దూ శాఖకు, న్యాయసుధ సంస్కృత శాఖకు చేరాయి. ప్రశ్నోత్తర రత్నమాలిక ఎవరికీ ప్రత్యేకంగా దక్కలేదు. ఏ శాఖకు ఆ శాఖ తన గ్రంథాన్ని కవిత్వంగానో భక్తిగానో భాషాచరిత్రకు ఆధారంగానో చదివింది. వీటన్నింటిలో ఉన్న ఉమ్మడి సమస్య, అంటే కఠిన వాదాన్ని శిక్షణ లేని శ్రోతకు చెప్పడం ఎలా అన్నది, ఏ శాఖకూ చెందలేదు. నేడు తాండూరు కళాశాల విద్యార్థి ఇంట్లో కన్నడం, తరగతిలో తెలుగు, బజారులో ఉర్దూ వింటూ పెరిగినవాడైతే, ఈ గ్రంథాలన్నింటినీ కలిపి చదవడానికి అతనికి ఉన్న అర్హత నగరంలోని పరిశోధకుడికి లేదు. అతని పాఠ్యప్రణాళికలో మాత్రం ఇవి ఒక చోట కలవవు.

తరగతి గదిలో చేయదగిన ఒక చిన్న ప్రయోగాన్ని ఇక్కడ సూచించవచ్చు. పండితారాధ్య చరిత్రలోని వాదప్రకరణాన్ని ఇద్దరు విద్యార్థులకు పంచి చదివించాలి. బౌద్ధుని వంతు వచ్చిన విద్యార్థి, సోమనాథుడు అతని నోట పెట్టిన మాటలతో ఆగిపోకుండా, సర్వదర్శనసంగ్రహంలోని బౌద్ధ ప్రకరణం ఆధారంగా తన పక్షాన్ని తన ఇంటి తెలుగులో బలపరచుకోవాలి. పండితారాధ్యుని వంతు వచ్చిన విద్యార్థి దానికి జవాబు చెప్పాలి. మొదటి గంటలోనే అర్థమయ్యే విషయం ఏమిటంటే, క్షణికవాదాన్ని తాండూరు మాటల్లో చెప్పడానికి కొత్త పరిభాష అక్కరలేదు. దీపపు జ్వాల, కాగ్నా నీరు చాలు. క్షణక్షణం మారేదానిని 'అదే దీపం', 'అదే నది' అని ఎందుకు అంటున్నామన్న ప్రశ్న దగ్గర మాత్రం రెండవ విద్యార్థి తడుముకోక తప్పదు. అక్కడ అతనికి టీక కావాలి.

మళ్ఖేడ్‌లో నేమినాథ బసది ఉంది, కాగిణా ఒడ్డున జయతీర్థుల బృందావనమూ ఉంది. రెండూ ఒకే ఊరివి. తాండూరులో రైలెక్కినవారు మళ్ఖేడ్ రోడ్‌లో దిగితే ఒక్కరోజులో రెండింటినీ చూసి రావచ్చు. ఆ ఊరి కోటగోడల్లో కనిపించే బండ, తాండూరు ఇళ్ళ ముంగిళ్ళలో పరచిన నాపరాయి ఒకే రాతిపొర నుంచి తీసినవి.